సాలిస్‌బరీ కేథడ్రల్‌లో అమెరికా పిల్లల క్వయర్: రెండు సాయంత్రాలు విన్నాక

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లకి, ఆగస్టులో పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకి ముందే ఒక మాట చెప్పేస్తాను. సాలిస్‌బరీ వెళ్తే కేథడ్రల్ చూసేసి అయిదింటికల్లా బయటికి వచ్చేయకండి. అసలు సంగతి అయిదున్నర ప్రాంతంలో మొదలవుతుంది. ఈవెన్‌సాంగ్ అంటారు, పాటలతో జరిగే సాయంత్ర ప్రార్థన. ముప్పావుగంట పడుతుంది, టికెట్ ఉండదు.

పోయిన వేసవిలో మా పెదనాన్న వాళ్లు లండన్ నుంచి ఒక టూర్ బస్సులో వచ్చారు. స్టోన్‌హెంజ్ చూపించి, ఇక్కడ గంటసేపు దింపి, నాలుగున్నరకల్లా మళ్లీ ఎక్కించుకుని వెళ్లిపోయారు. 123 మీటర్ల శిఖరం ముందు ఫొటో దిగారు, రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి పత్రం మాగ్నా కార్టా చూశారు, 1386 నుంచీ ఉన్న ముఖం లేని గడియారం కూడా చూశారు. ఎనిమిది వందల ఏళ్ల కింద ఆ చర్చి ఎందుకు కట్టారో అది మాత్రం వినకుండా పోయారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక్కడి సొంత క్వయర్ (చర్చిలో పాడే బృందం) చాలా పేరున్నది, కానీ ఆ పిల్లలకీ వేసవి సెలవులు ఉంటాయి కదా. అందుకని జులై చివర నుంచి ఆగస్టు అంతా బయటి క్వయర్లు వచ్చి, ఒక్కోటి కొన్ని రోజుల నుంచి వారం దాకా ఉండి రోజూ సాయంత్రం పాడతాయి. ఇంగ్లండ్‌లో చాలా కేథడ్రల్స్‌లో ఇదే పద్ధతి. అమెరికాలో ఎపిస్కోపల్ చర్చిల (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయంలోవే) మగపిల్లల క్వయర్లకి ఇది తీర్థయాత్ర లాంటిది, తాము రోజూ పాడే ప్రార్థన పుట్టిన చోటికి వచ్చి పాడటం. మేం విన్నది అలాంటి ఒక క్వయర్‌నే. ఎనిమిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఇరవై మంది పిల్లలు, వాళ్ల వెనక కింది స్వరాలకి పది పన్నెండు మంది పెద్దవాళ్లు.

మా అమ్మ గుంటూరులో లూథరన్ చర్చి క్వయర్‌లో ముప్పై ఏళ్లు పాడింది. ఆవిడని తీసుకెళ్లాలనే బయల్దేరాం, నేను, అమ్మ, మా పాప. మంగళవారం ఒకసారి, గురువారం ఇంకోసారి. రెండుసార్లు వెళ్లడం వల్లే ఇది రాయగలుగుతున్నాను, ఒక్క మంగళవారమే విని ఉంటే మూడు నక్షత్రాలు ఇచ్చి ఊరుకునేదాన్ని.

మంగళవారం మేం ఆలస్యంగా వెళ్లాం, ఎక్కడో వెనక కూర్చున్నాం. పాట వినిపించింది గానీ మాటలు ఒక్కటీ అందలేదు. మా దూరం ఒక కారణం, క్వయర్ తొందర ఇంకో కారణం. అక్కడ కీర్తనలు పాడే పద్ధతి ఎలా ఉంటుందంటే, క్వయర్ రెండు వైపులా ఎదురెదురుగా నిలబడుతుంది, దక్షిణం వైపు వాళ్లని డెకానై అంటారు, ఉత్తరం వైపు వాళ్లని కాంటోరిస్ అంటారు, ఒక వచనం వీళ్లు, ఒక వచనం వాళ్లు. వచనం మధ్యలో చిన్న ఆపు ఉంటుంది. అంత పెద్ద రాతి కట్టడంలో ఆ ఆపు దగ్గర ఆగి తీరాలి, ఎందుకంటే పాడింది పైకి పోయి కప్పుకి తగిలి కిందికి దిగడానికి టైం పడుతుంది. వీళ్లు ఆగలేదు. ముందు వచనం ఇంకా గాల్లో ఉండగానే తరవాతది ఎత్తుకున్నారు, అంతా కలిసిపోయి అలికేసినట్టయింది. తరవాత బయట పచ్చిక మీద క్వయర్‌తో వచ్చిన ఒక తండ్రితో మాట కలిసింది. వాళ్ల చర్చిలో కింద కార్పెట్, పైన తక్కువ ఎత్తు కప్పు అట, పాడిన మాట పాడిన చోటే ఆగిపోతుందట. ఇక్కడ మొదటిరోజు పిల్లలు తమ గొంతు తమకే వెనక నుంచి వినపడేసరికి బెదిరిపోయారని చెప్పాడు. ఈ ప్రయాణం కోసం మూడేళ్లు డబ్బు పోగేశారట, కార్లు కడిగి, కేకులు చేసి అమ్మి. మూడేళ్ల కింద మొదలుపెట్టినప్పుడు బాగా పాడిన ఇద్దరు పిల్లలకి ఈలోగా గొంతు మారిపోయింది, అయినా సరే కష్టపడ్డారు కదా అని వాళ్లనీ తీసుకొచ్చారు. అట్ట ఫైళ్లు మోయడం, చిన్నవాళ్ల మెడ పట్టీలు సర్దడం వాళ్ల పని. ఆ మాట విని అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు.

గురువారం మేం నాలుగున్నరకే వెళ్లి కూర్చున్నాం, రిహార్సల్ దొరికింది. అది మీరూ వదులుకోకండి. పాడుతూ పాడుతూ మధ్యలో ఒక పిల్లాడు చెయ్యెత్తి దించేశాడు. కాసేపటికి ఇంకొకడు. బాత్రూముకి అడుగుతున్నారేమో అనుకున్నాం, ఎవరూ పట్టించుకోరేం అని అమ్మ కంగారుపడింది కూడా. కాదట. తప్పు పాడితే, ఆ తప్పు నాకు తెలిసింది, నాదే అని చెప్పడానికి అలా చెయ్యెత్తుతారు, పాట ఆపరు, డైరెక్టర్ తిట్టరు. "మా క్వయర్‌లో ముప్పై ఏళ్లలో ఒక్కళ్లూ ఇలా ఒప్పుకోలేదే" అంది అమ్మ. నాకు ఎదురుగా ఉన్నవాడు అందరికంటే చిన్నవాడు, తెల్లటి అంగీ చేతులు వేళ్ల చివర దాకా వచ్చేస్తున్నాయి, చెవి వెనక పెన్సిల్. పేజీ తిప్పడం మర్చిపోయినప్పుడల్లా పక్కనున్న పెద్ద కుర్రాడు తన పాట ఆపకుండానే చూపుడువేలితో వాడి కాగితం మీద చోటు చూపిస్తున్నాడు. అసలు ప్రార్థనలో కూడా రెండుసార్లు అలాగే చూపించాడు.

ఆ రోజు 4వ తారీఖు. ఇంగ్లండ్ చర్చి పాత ప్రార్థన పుస్తకంలో 150 కీర్తనల్ని 30 రోజులకి, పొద్దున సాయంత్రం అని పంచారు, 4వ తారీఖు సాయంత్రానికి వచ్చేవి 22, 23. ఇరవై మూడో కీర్తన మన ఇళ్లల్లో పిల్లలకి మాటలు రాగానే నేర్పేది. అమ్మకి ఇంగ్లిష్ అంతగా రాదు, కానీ కాగితం మీద 23 అంకె చూసి పెదవులు కదపడం మొదలుపెట్టింది, వాళ్లు ఇంగ్లిష్‌లో, ఈవిడ లోపల తెలుగులో. ఈసారి పిల్లలు ఆగారు. ప్రతి వచనం మధ్యలో ఆగి, పైకి పోయినదాన్ని దిగనిచ్చి, అప్పుడు పాడారు. రెండు రోజుల్లో ఆ కట్టడం వాళ్లకి అలవాటైంది, ఆ తేడా మన చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

తరవాత మరియమ్మ పాట, లూకా మొదటి అధ్యాయంలోది. దీనికి ఎంతోమంది బాణీలు కట్టారు. ఆ రోజు పాడింది ఐర్లండ్‌లో పుట్టిన సంగీతకర్త స్టాన్‌ఫర్డ్ జి మేజర్ అనే స్వరస్థాయిలో కట్టినది. మొదటి నుంచీ ఒక్క పిల్లాడి గొంతే ముందు నడుస్తుంది, కింద ఆర్గన్ గిరగిర తిరుగుతూ ఉంటుంది, మరియ రాట్నం ముందు కూర్చుని పాడుకుంటున్నట్టు ఊహించుకోమంటారు. పాడినవాడికి పన్నెండేళ్లుంటాయేమో. పై స్వరం అందుకునే ముందు భుజాలు కొంచెం పైకి లేచాయి, నాకు టెన్షన్ వచ్చింది, వాడు మాత్రం తేలిగ్గా అందుకున్నాడు. అక్కడున్న ఆర్గన్ విల్లిస్ అనే ఆయన 1877లో తయారుచేసినది, ఆ గొంతుని ఎక్కడా మింగేయకుండా వాయించిన ఆర్గనిస్టుకి సగం మార్కులు ఇవ్వాలి. చివర్లో క్వయర్ ఒక్కటే పాడే ఆంథెమ్ అనే పాటలో మాత్రం వెనకున్న పెద్దవాళ్లు మరీ గట్టిగా పాడేశారు, పిల్లలు కొన్నిచోట్ల కనపడుతున్నారు గానీ వినపడలేదు. అది రిహార్సల్‌లోనే దిద్దుకోవాల్సిన విషయం.

బయటికి రాగానే మా పాప అడిగింది, "అమ్మమ్మా, ఆడపిల్లలు ఎందుకు లేరు?" న్యాయమైన ప్రశ్నే. వచ్చిన క్వయర్ మగపిల్లలది, వాళ్ల సంప్రదాయం అది. కానీ ఇంగ్లండ్ కేథడ్రల్స్‌లో ఆడపిల్లలకి విడిగా క్వయర్ పెట్టి దారి చూపించింది ఈ సాలిస్‌బరీయే, 1991లో. సెప్టెంబర్‌లో సొంత క్వయర్ తిరిగి వచ్చాక పాపని మళ్లీ తీసుకెళ్లాలి, తన వయసు ఆడపిల్లలు పాడుతుంటే చూడాలి.

వెళ్లేవాళ్లకి: అయిదుంబావుకల్లా తలుపు దగ్గర ఉండండి, ఈవెన్‌సాంగ్‌కి వచ్చామని చెప్తే చాలు, లోపలికి పంపిస్తారు. వీలైనంత ముందుకి, క్వయర్ నిలబడే చెక్క బెంచీల దగ్గరికి వెళ్లి కూర్చోండి, వెనక కూర్చుంటే మా మంగళవారమే మీకూ. ఏ మతం వాళ్లైనా కూర్చోవచ్చు, రొట్టె ద్రాక్షారసం ఉండవు కాబట్టి ముందుకి వెళ్లాలా వద్దా అనే మొహమాటం లేదు. అందరూ లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. ఫోన్ తీయకండి. ఎంత బాగున్నా చప్పట్లు కొట్టకండి, ప్రార్థన అది. కానుక మీ ఇష్టం. లండన్ వాటర్లూ నుంచి రైల్లో గంటన్నర పడుతుంది. ఏ రోజు ఎవరు పాడుతున్నారో, ఏం పాడుతున్నారో కేథడ్రల్ వాళ్లు ముందే పెడతారు, చూసుకుని వెళ్లండి. క్వయర్ వచ్చిన మొదటి రోజు కాకుండా మూడో రోజో నాలుగో రోజో ఎంచుకోండి.

నా వరకు గురువారానికి అయిదుకి అయిదు, ఆ ఆంథెమ్ ఉన్నా కూడా. అమ్మ తిరుగు ప్రయాణం నెలాఖరుకి. కాగితం మీద కీర్తనల పట్టిక చూసినప్పటి నుంచి ఆవిడ కన్ను 15వ తారీఖు మీద పడింది. ఆ సాయంత్రానికి వచ్చేది 78వ కీర్తన ఒక్కటే, పూర్తిగా పాడితే 70కి పైగా వచనాలు. పంద్రాగస్టు సాయంత్రం ఏ ఊరి పిల్లలు ఉంటారో, ఎంతవరకు పాడతారో విందాం అంటోంది. ఈసారి నాలుగింటికే బయల్దేరుతున్నాం.