649 రూపాయల ఓబీడీ పరికరం: చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడు ఎంతవరకు పనికొస్తుంది?

గత ఏడాది వేసవిలో హైదరాబాదు నుంచి విజయవాడ వస్తుండగా, సూర్యాపేట దాటిన కాసేపటికి డ్యాష్‌బోర్డులో ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగింది. బండి ఆగలేదు, పొగ రాలేదు, టెంపరేచర్ ముల్లు కదలలేదు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర నిలిపినప్పుడు మాత్రం స్టీరింగు చేతుల్లో సన్నగా వణికింది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ తగ్గినట్టు స్పష్టంగా తెలిసింది. మరునాడు ఒక సర్వీసు సెంటరుకు తీసుకువెళ్తే, అక్కడి అడ్వైజరు బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చెవి పెట్టి విని, ఇంజెక్టర్ల క్లీనింగు, త్రాటిల్ బాడీ క్లీనింగు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సరు మార్పు అన్నీ కలిపి 14,600 రూపాయల ఎస్టిమేటు చేతికిచ్చాడు. స్కానర్ పెట్టి చూశారా అని అడిగితే, "అవసరం లేదు సార్, ఈ మోడల్‌కి ఇవే వస్తాయి" అన్నాడు. బండిని చూడకుండానే రోగం తేల్చేసిన ఆ ధీమా నాకు మింగుడు పడలేదు. ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో 649 రూపాయలకు, బండి కంప్యూటరు నమోదు చేసుకున్న లోపాల కోడ్లను ఫోనులో చూపించే బ్లూటూత్ ఓబీడీ (ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్) పరికరం ఒకటి ఆర్డరు పెట్టాను. ఏడాదికి పైగా వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది.

పెట్టె మీద తయారీదారు పేరు లేదు. లోపల అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన నీలిరంగు ప్లాస్టిక్ డబ్బా, చదివితే అర్థం కాని కాగితం ముక్క, ఇప్పుడు ఎవరి కంప్యూటరులోనూ పట్టని చిన్న సీడీ ఉన్నాయి. మన దేశంలో బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణం కింద వచ్చే కార్లకు 2013 ఏప్రిల్ నుంచి, లోపాలను బండే పట్టుకునే ఓబీడీ-2 ఏర్పాటు తప్పనిసరి కనుక, ఆ తరువాతి కార్లలో స్టీరింగు కింద, డ్రైవరు మోకాలికి దగ్గరగా పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. నా బండిలో ఫ్యూజుల మూత పక్కనే ఉన్న ఆ సాకెట్‌ను ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ గమనించలేదు. పరికరాన్ని అందులో గుచ్చి, తాళం ఆన్ చేసి, ఫోనులో బ్లూటూత్ వెతికి, 1234 అని పిన్ కొడితే జత కుదిరింది. ఉచితంగా దొరికే యాప్ ఒకటి తెరిచి కోడ్లు చదవమంటే పది సెకన్లలో పి0302 అని చూపించింది.

ఈ కోడ్‌ను ఎలా చదవాలో తెలియకపోతే పరికరం కొని లాభం లేదు కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. మొదటి అక్షరం 'పి' అంటే ఇంజిను, గేర్‌బాక్సుల విభాగం. తరువాతి సున్న అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్ అని చెబుతుంది. అక్కడ 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్ అన్నమాట. మూడు అంటే ఇగ్నిషన్, మిస్‌ఫైర్ల వర్గం. చివరి రెండు అంకెలు రెండో సిలిండర్ అని చెబుతున్నాయి. అంటే రెండో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదు. బండిలోని కంప్యూటరుకు ఈ సంగతి ఎలా తెలుస్తుందంటే, ఒక్కో సిలిండర్ మండినప్పుడల్లా క్రాంక్ షాఫ్టుకు ఒక తోపు అందుతుంది; ఒకటి మండకపోతే షాఫ్టు వేగం క్షణకాలం తగ్గుతుంది; ఆ తగ్గుదలను క్రాంక్ సెన్సరు పట్టుకుంటుంది. అంతవరకే దానికి తెలుసు. ఆ సిలిండర్ ప్లగ్‌కు నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందా, ప్లగ్ అరిగిందా, ఇంజెక్టరు మూసుకుపోయిందా, కంప్రెషన్ తగ్గిందా అన్నది దానికి తెలియదు. కోడ్ మనకు వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు మనమే వెతుక్కోవాలి.

ఇంటి నంబరు వెతకడానికి ఆటోనగర్‌లో నాకు పరిచయమున్న పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఫోను తెర చూపించగానే ఆయన, "కొత్తదేదీ కొనొద్దు సార్, ముందు రెండో కాయిల్ తీసి మూడోదాంట్లో పెట్టి చూద్దాం" అన్నారు. ఇంజిను చల్లారాక పది నంబరు బోల్టు ఒక్కొక్కటి విప్పి, రెండు కాయిళ్లనూ అటుదిటు మార్చి, యాప్‌లో కోడ్ చెరిపి పంపించారు. మరునాడు బెంజ్ సర్కిల్ దగ్గర లైటు మళ్లీ వెలిగింది. ఈసారి కోడ్ పి0303. కాయిల్‌తో పాటే మిస్‌ఫైర్ కూడా మూడో సిలిండర్‌కు నడిచి వెళ్లింది కనుక దోషి ఎవరో తేలిపోయింది. కొత్త కాయిల్ 1,900 రూపాయలు, ఎలాగూ అరిగిపోయిన నాలుగు ప్లగ్గులు మరో 700, మజూరీ 300. ఆ రోజు తరువాత ఈ బండిలో ఆ లైటు నేను మళ్లీ చూడలేదు. ఎస్టిమేటులో ఉన్న ఇంజెక్టర్లు, త్రాటిల్ బాడీ, ఆక్సిజన్ సెన్సరు ఈనాటికీ పాతవే, వేటినీ ముట్టుకున్నది కూడా లేదు.

ఒక జాగ్రత్త. నాకు వెలిగినది నిలకడ లైటు కనుక విజయవాడ దాకా నెమ్మదిగా నడిపించుకుని రాగలిగాను. అదే లైటు టపటపా కొట్టుకుంటూ ఉంటే మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని అర్థం. మండని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని కాల్చేస్తుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలుండే ఆ భాగం ధర ముందు కాయిల్ ధర ఏపాటి? లైటు కొట్టుకుంటుంటే ఏ పరికరమూ గుచ్చనక్కరలేదు, బండి పక్కకు ఆపి టోయింగ్ పిలవడమే పని.

ఈ పరికరం అసలు విలువ నాకు తెలిసింది గుంటూరులో మా బావగారి కారు దగ్గర. ఆయన బండికి పి0171 వచ్చింది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని. ఒక వర్క్‌షాపులో అదే కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సరు మార్చారట, వారం తిరక్కుండానే లైటు మళ్లీ వెలిగింది. "సెన్సరు కొత్తదే కదా, మళ్లీ ఎందుకొచ్చినట్టు?" అని ఆయన అడిగితే, కోడ్‌ను పక్కన పెట్టి యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యుయల్ ట్రిమ్ అనే అంకెను తెరిచాను. కంప్యూటరు తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు ఎక్కువో తక్కువో పోస్తున్నదీ ఆ అంకె చెబుతుంది. ఐడిల్‌లో, అంటే బండి నిలిపి ఇంజినును ఊరికే తిరగనిచ్చినప్పుడు, అది 19 శాతం అదనంగా ఉంది. యాక్సిలరేటర్ తొక్కి 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలబెడితే 6కు దిగింది. ఆయన కారులో లోపలికి వచ్చే గాలిని ముందే కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సరు ఉంది. ఆ సెన్సరు దాటిన తరువాత ఎక్కడో దొంగగాలి దూరుతుంటే ఐడిల్‌లో దాని వాటా పెద్దది, వేగం పెరిగేకొద్దీ అసలు గాలి ముందు దాని వాటా చిన్నదవుతుంది. అంకెలు సరిగ్గా అదే చెప్పాయి. బానెట్ ఎత్తి వెతికితే, ఇన్‌టేక్ మానిఫోల్డుకు వెళ్లే చిటికెన వేలంత రబ్బరు గొట్టం మడత దగ్గర పగిలి బుస్సుమంటోంది. వేలితో మూయగానే ఇంజిను చప్పుడు మారింది. గొట్టం 120 రూపాయలు. పాపం ఆ ఆక్సిజన్ సెన్సరు ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకుంది.

ఇక లోపాలు. డబ్బా మీద లోపలి చిప్పు పేరు ఈఎల్‌ఎం327, వెర్షన్ 1.5 అని గర్వంగా అచ్చు వేశారు కానీ, ఆ చిప్పును రూపొందించిన కెనడా సంస్థ ఈఎల్‌ఎం ఎలక్ట్రానిక్స్ 1.5 అనే వెర్షన్‌ను ఎన్నడూ విడుదల చేయలేదు. కనుక మనం కొంటున్నది నకలేనని తెలిసే కొనాలి. ఇంజిను కోడ్లు చదవడానికి నకలు నాకు చాలింది. అప్పుడప్పుడు బ్లూటూత్ తెగిపోయి మళ్లీ గుచ్చాల్సి రావడం తప్ప పెద్దగా విసిగించలేదు. అయితే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగితే దీనివల్ల ఉపయోగం లేదు. నా బండిలో ఏబీఎస్ లైటు ఒకసారి వెలిగినప్పుడు యాప్ 'కోడ్లు ఏవీ లేవు' అని నిశ్చింతగా చెప్పింది. ఆ మాట నమ్మి ఊరుకుంటే ప్రమాదం. ఐఫోను వాడేవారు ఈ రకం జోలికి వెళ్లకూడదు, జత కుదరదు. వారు వైఫైతోనో బ్లూటూత్ లో ఎనర్జీతోనో పనిచేసేది చూసుకోవాలి.

కోడ్ చెరిపే బటన్ మీద వేలు పెట్టే ముందు తెర ఫొటో తీసుకోవాలి. చెరిపితే కోడ్‌తో పాటు, లోపం నమోదైన క్షణంలో బండి వేగమెంత, ఇంజిను వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత అన్న ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. మెకానిక్‌కు కోడ్ కంటే అవే ఎక్కువ పనికొస్తాయి. బండి అమ్మేవాళ్లలో కొందరు బేరానికి వచ్చేవారు చేరే ముందే లైటు ఇలా ఆర్పేస్తారు. అందుకే సెకండ్ హ్యాండ్ బండి చూడబోయినప్పుడు నేను యాప్‌లో రెడీనెస్ మానిటర్ల పేజీ, అంటే బండి తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చూపే పేజీ, తెరుస్తాను. చాలా మానిటర్లు 'పూర్తి కాలేదు' అని కనిపిస్తే, ఈ మధ్యనే బ్యాటరీ అయినా విప్పి ఉండాలి, కోడ్ అయినా చెరిపి ఉండాలి.

చివరగా నా సొంత పొరపాటు. సాకెట్‌లోని పదహారో పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు అందుతూనే ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్తూ పరికరాన్ని దానికే వదిలేసి వెళ్లాను. పన్నెండు రోజుల తరువాత వచ్చి తాళం తిప్పితే టిక్కుటిక్కుమనడం తప్ప ఇంజిను కదల్లేదు, పక్కింటివారి బండి నుంచి జంపర్ కేబుళ్లు తగిలించి లేపాల్సి వచ్చింది. అప్పటి నుంచి చదవడం అయిపోగానే ఊడబీకి, టైరు గాలి చూసే గేజ్‌తో పాటు గ్లోవ్ బాక్సులో పడేస్తున్నాను.