సప్లై చైన్‌లో సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు: కొన్నేళ్లు వాడాక

వెబ్ సర్వీసులను, అంటే నెట్ మీద ఒక సిస్టమ్ ఇంకో సిస్టమ్‌తో పని చేయించుకునే దారులను, కలిపి నడపడానికి మా టీమ్ మొదట వాడింది బీపెల్ అనే ప్రాసెస్ భాష. 2007లో ఒయాసిస్ అనే సంస్థ ప్రమాణంగా దీని 2.0 వెర్షన్ వచ్చింది. ఇందులో ప్రాసెస్ అంతా ముందే గీసి పెట్టాలి. స్టాక్ అడగడం, ఆర్డర్ పంపడం, రవాణా బుక్ చేయడం, ఇన్‌వాయిస్ తీసుకోవడం, అన్నీ వరసగా. అంతా సవ్యంగా ఉన్నన్నాళ్లూ వంక పెట్టడానికి లేదు. సరుకు తక్కువ వచ్చిందా, ఇక ఫోన్లూ ఎక్సెల్ షీట్లే. ప్రతి తేడాకూ ఒక కొమ్మ గీసుకుంటూ పోతే ఆ డయాగ్రామ్ గీసినవాళ్లకే అర్థం కాదు. అందుకే జేడ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ మీద కట్టిన ఏజెంట్లకు, అంటే పరిస్థితిని బట్టి తమంతట తామే నిర్ణయించుకునే ప్రోగ్రాములకు, మారాం.

ఇదేం బ్రహ్మవిద్య కాదు. కొనుగోలుకు ఒక ఏజెంట్, రవాణాకు ఒకటి, ఒక్కో సప్లయర్ తరఫున ఒకటి. వెనకాల పనిచేసేవి సోప్, రెస్ట్ పద్ధతుల్లో నడిచే అవే పాత వెబ్ సర్వీసులు. బేరం నడిచేది కాంట్రాక్ట్ నెట్ పద్ధతిలో: పని ప్రకటించి, ప్రతిపాదనలు పిలిచి, నచ్చినవాళ్లకు అప్పగించడం. రీడ్ స్మిత్ 1980లో ప్రచురించిన ఈ పద్ధతిని తర్వాత ఏజెంట్ల ప్రమాణాలు రాసే సంస్థ ఫిపా తన ప్రమాణాల్లో చేర్చుకుంది.

లాగ్‌లో తరచూ కనిపించే తంతు ఇలా ఉంటుంది. వెయ్యి అడిగితే 640 మాత్రమే పంపుతున్నట్టు సప్లయర్ నుంచి ముందస్తు షిప్‌మెంట్ నోటీసు వస్తుంది. కొనుగోలు ఏజెంట్ మిగతా 360 కోసం గడువు పెట్టి అందరికీ సీఎఫ్‌పీ (ప్రతిపాదనల కోసం పిలుపు) పంపుతుంది. ఒకరు రెఫ్యూజ్ అంటారు. ఒకరు అన్నీ ఇస్తాం కానీ లేటవుతుందంటారు. ఇంకొకరు 200 వెంటనే ఇస్తామంటారు. గడువు దాటాక వచ్చిన ప్రపోజల్‌ను ఏజెంట్ పట్టించుకోదు. ముందు ఆ 200 ఒప్పుకుని, తక్కిన 160 లేటుగా ఇచ్చేవాళ్లకు అప్పగిస్తుంది. మనిషి ఆ నోటీసు తెరిచి చూసేలోపే ఇదంతా అయిపోతుంది. ఈ ఒక్క పనికే ఏజెంట్లు పెట్టుకోవచ్చని నా అభిప్రాయం.

తలనొప్పంతా అసలు టైమవుట్ల దగ్గర. ఒక రవాణా సంస్థ సర్వీసు బుకింగ్ తీసుకుంటుంది కానీ జవాబు ఇవ్వదు. ఏజెంట్ మళ్లీ పంపుతుంది. లోడ్ ఒకటే, లారీలు రెండు. అభ్యర్థనకు ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చి, రెండోసారి వస్తే వదిలేయమని అడిగితే వాళ్ల సిస్టమ్‌లో ఆ సౌకర్యమే లేదన్నారు. చివరికి మా ఏజెంట్‌కే నేర్పాం: జవాబు రాకపోతే ముందు స్టేటస్ అడుగు, లేదని తేలాకే మళ్లీ పంపు.

రద్దు కూడా అంతే. సగంలో ఆగిన పనిని ఒక్కో మెట్టూ వెనక్కి తిప్పే సాగా పద్ధతిని పరిశోధకులు గార్సియా-మొలీనా, సేలమ్ 1987లోనే రాశారు. అయితే డేటాబేస్‌లో వెనక్కి తిప్పినట్టు బయలుదేరిన లారీని తిప్పలేం, చార్జీ పడుతుంది. అందుకని ఇప్పుడు రవాణా దగ్గర ముందు కోట్ మాత్రమే తీసుకుంటాం. సప్లయర్ ఖాయం చేశాకే బుకింగ్. వెనక్కి తీసుకోలేని పని ఏదైనా సరే చివర్లోనే.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. 360 కోసం ఐదుగురిని అడిగితే, ఆ ఐదుగురూ ముడిసరుకు కోసం ఒకే చోటికి వెళ్తే, అక్కడ కనిపించే డిమాండ్ 1,800. కింద వచ్చిన చిన్న మార్పు పై అంచెలకు వెళ్లేకొద్దీ పెద్దదవడాన్ని బుల్‌విప్ ప్రభావం అంటారు. పరిశోధకులు లీ, పద్మనాభన్, వాంగ్ 1997లో దానికి చెప్పిన కారణాల్లో కొరత వేళ అవసరానికి మించి అడగడం ఒకటి. మన ఏజెంట్‌కు ఆ దురుద్దేశం లేకపోయినా ఫలితం దాదాపు అదే, పైగా నిమిషాల్లో. ఇప్పుడు సీఎఫ్‌పీలన్నిటికీ ఒకే అవసరం నంబర్ తగిలిస్తున్నాం. అది పై అంచెకు చేర్చే సప్లయర్లు ఉన్నచోట పరవాలేదు. మిగతాచోట్ల గందరగోళం అలాగే ఉంది.

సర్వీసులను ఏజెంట్లే వెతుక్కుంటాయన్న ఆశ మాత్రం వదిలేయండి. సర్వీసులు వెతుక్కోవడానికే పుట్టిన డైరెక్టరీ, యూడీడీఐ పబ్లిక్ రిజిస్ట్రీని, ఐబీఎం, మైక్రోసాఫ్ట్, ఎస్ఏపీ 2006 జనవరిలో మూసేశాయి. సప్లయర్ల జాబితా ఈరోజుకీ మనుషులదే. వెతికి పట్టుకున్నా అర్థం కలవాలి కదా! సర్వీసు వివరాలు రాసి పెట్టే డబ్ల్యూఎస్‌డీఎల్‌లో క్వాంటిటీ అంటే పూర్ణాంకం అని ఉంటుంది. ఒకరికి అది పెట్టె, ఇంకొకరికి విడి ముక్క. కొత్త సప్లయర్‌ను కలిపిన ప్రతిసారీ ఎక్కువ టైమ్ తినేది ఈ తేడాలను సరిపోల్చే పట్టికలే.

ఇద్దరు ముగ్గురు సప్లయర్లూ, నిలకడైన డిమాండ్ ఉన్నవాళ్లకు ఇదంతా అనవసరం. బీపెల్ లాంటిదేదైనా హాయిగా సరిపోతుంది. రోజూ ఏదో ఒకటి తప్పే చోటే ఏజెంట్లు తమ ఖర్చు తాము రాబట్టుకుంటాయి.

ఈమధ్య భాషా మోడళ్లతో నడిచే ఏజెంట్లనూ కలుపుతున్నాం. 2024 నవంబరులో వచ్చిన ఎంసీపీ (మోడళ్లను బయటి సిస్టమ్‌లకు కలిపే ప్రమాణం) వల్ల సర్వీసులను వాటికి తగిలించడం తేలికైంది. సప్లయర్ మెయిల్ చదివి, సరుకు ఎప్పటికి వస్తుందో తేదీ పట్టుకోవడంలో పాత ఏజెంట్లు వాటికి సాటిరావు. కానీ అదే మెయిల్‌ను రెండుసార్లు ఇస్తే ఒక్కోసారి రెండు తేదీలు చెబుతాయి. కాబట్టి అవి చదివి చెప్పేవరకే. ఆర్డర్ పెట్టేది మాత్రం ఇప్పటికీ రూల్స్‌తో నడిచే పాత ఏజెంటే, అదీ ఒక పరిమితి లోపు. పరిమితి దాటితే మేనేజర్ ఓకే అనాల్సిందే.