రాణిగంజ్‌లో కొన్న ‘జెట్’ ప్లగ్గులు: సీఎన్‌జీ కారుకు దండగ

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ‘లీన్ బర్న్ జెట్ ఇగ్నిషన్, మైలేజీ గ్యారంటీ’ అని ఉంది. లీన్ బర్న్ అంటే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ ఉన్న పల్చటి మిశ్రమాన్ని కాల్చడం. బ్రాండ్ పేరు రాయను. నాలుగు స్పార్క్ ప్లగ్గుల సెట్టు, మామూలు ఇరిడియం ప్లగ్గులకు దాదాపు మూడింతల ధర. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో గ్యాస్ జనరేటర్ల మెయింటెనెన్స్ నా పని. అందుకని ఈ టెక్నాలజీ నాకు కొత్త కాదు. దాన్ని బీఎస్ 6 కారుకు తగిలించుకోమని అమ్మడమే కొత్త. చూద్దామని కొన్నాను.

మూసాపేటలో మా మెకానిక్ అన్న ఒక ప్లగ్గు తిప్పి చూసి, “ఏంది సార్, ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టున్నది!” అన్నాడు. అచ్చం అలాగే ఉంటుంది. ఎలక్ట్రోడ్ల మీద చిన్న టోపీ, దానికి సన్నటి రంధ్రాలు. గ్యాప్ చూద్దామంటే దాన్ని కొలిచే సన్నటి రేకు, ఫీలర్ గేజ్ కూడా దూరదు. పిస్టన్ పైకొచ్చేటప్పుడు గాలీ గ్యాసూ కలిసిన మిశ్రమం ఆ రంధ్రాల గుండా టోపీలోకి ఎక్కుతుంది. రవ్వ పడేది లోపలే. అక్కడ అంటుకోగానే ప్రెషర్ పెరిగి, మంట ప్రతి రంధ్రంలోంచీ బయటికి చిమ్ముతుంది. సిలిండర్లో ఒక్కచోట కాకుండా చాలాచోట్ల ఒకేసారి రాజుకుంటుంది. మామూలు రవ్వకు అంటుకోని పల్చటి మిశ్రమం కూడా దీనికి లొంగుతుంది.

ఇది ఉత్తమాట కాదు. 1975లో హోండా అమెరికాలో అమ్మిన సివిక్ సీవీసీసీలో రిచ్ (ఇంధనం ఎక్కువున్న) మిశ్రమం కోసం ఈ టోపీలాంటి చిన్న గది (ప్రీచాంబర్), దానికి ప్రత్యేకంగా ఇంకో వాల్వు ఉండేవి. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేకుండానే అక్కడి పొగ నిబంధనల పరీక్షలో నెగ్గిన బండి అది. మా ఫ్యాక్టరీ ఇంజిన్లో ఆ చిన్న గదికి విడిగా గ్యాస్ లైనే ఉంటుంది. పెద్ద సిలిండర్లోకి మాత్రం, కాలడానికి కావలసినదానికి రెట్టింపు దగ్గర్లో గాలి వెళుతుంది. మంట వేడి తగ్గుతుంది, కాలుష్యం చేసే నైట్రోజన్ ఆక్సైడ్లూ తగ్గుతాయి. రోజంతా ఒకే లోడు మీద తిరిగే ఇంజిన్‌కు ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను చూడలేదు.

ఇక కారు సంగతి. మైలేజీ ముందెంతో ఇప్పుడూ అంతే, కిలోకు పాతిక దగ్గర. పెరగదు కూడా. ప్లగ్గు మారినంత మాత్రాన కారులోకి గాలి ఎక్కువ రాదు కదా. సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూస్తూ ఉంటుంది. 1 కిలో సీఎన్‌జీకి సుమారు 17 కిలోల గాలి అన్న లెక్క తప్పితే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) వెంటనే సరిదిద్దుతుంది. గాలి మిగిలితే క్యాటలిటిక్ కన్వర్టర్ నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టలేదు, అందుకే ఆ పట్టు. డబ్బా మీద రాసిన లీన్ బర్న్ నా కారులో ఎప్పుడూ జరగలేదన్నమాట.

అవుటర్ రింగ్ రోడ్డు మీద స్పీడందుకున్నాక లాగుడు కొంచెం చురుగ్గా ఉన్నట్టే అనిపించింది. ఖర్చు పెట్టిన మనసుకు అలాగే అనిపిస్తుందేమో కూడా. సిగ్నల్లో మాత్రం నరకం. జేఎన్‌టీయూ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే స్టీరింగ్ వణికేది, పొద్దున చల్లటి ఇంజిన్ అయితే మరీ. ఐడిల్లో లోపలికొచ్చే మిశ్రమమే తక్కువ. టోపీలో మిగిలిన కాలిన పొగను అది బయటికి నెట్టలేదు, దాంతో రవ్వ పడ్డా అంటుకోదు. 2020లో తమ ఎంసీ20 స్పోర్ట్స్ కారుకు ప్రీచాంబర్ ఇంజిన్ పెట్టిన మాజెరాటీ వాళ్లు, తక్కువ లోడులో తడబడకుండా ప్రతి సిలిండర్‌కు పక్కనుంచి ఇంకో మామూలు ప్లగ్గు కూడా పెట్టారు. 600కు పైగా హార్స్‌పవర్ ఉన్న బండికే అది అవసరమైతే, నా హ్యాచ్‌బ్యాక్ ఏపాటిది?

పాత ప్లగ్గులు మళ్లీ వేయించాను, వణుకు పోయింది. కొన్న షాపుకు వెళితే, “ఇంకో వెయ్యి కిలోమీటర్లు తోలుండ్రి సార్, సెట్ అయితది” అన్నాడు సేటు. నా పనేమిటో చెప్పాక నవ్వి, వాడిన ప్లగ్గులు వాపస్ తీసుకోడట గానీ వైపర్ బ్లేడ్ల మీద సగం తగ్గించాడు. అవి మాత్రం బాగానే తుడుస్తున్నాయి.