మురుగు కాలువ మీద భాస్వరం వడపోత గుంట: ఒక పంటకాలం వాడాక మా అభిప్రాయం

నెల్లూరు జిల్లా తోటపల్లిగూడూరు మండలంలోని మా ఆయకట్టులో, కయ్యల నుంచి దిగే నీరంతా కలిసే మురుగు కాలువ మీద, కిందటి వరి పంటకు ముందు ఒక ప్రైవేటు సంస్థ చేత భాస్వరం వడపోత గుంట, అంటే ఎరువు నుంచి నీటిలో కలిసిన భాస్వరాన్ని పట్టి ఆపే గుంట, కట్టించుకున్నాం. పంటకాలమంతా గమనించాక తేలింది ఏమిటంటే, తేటనీటిలో కరిగి ఉన్న భాస్వరాన్ని పట్టడంలో ఇది నమ్మదగిన సాధనమే గాని, బురదనీటి ముందు నిలవలేదు.

నిర్మాణం సులువైనది. సిమెంటు గోడల గుంటలో జల్లెడ పట్టిన ఉక్కు చిట్టెం (ఉక్కు తయారీలో మిగిలే వ్యర్థం) నింపి, అడుగున రంధ్రాల పైపులు పరిచారు. నీరు పైనుంచి మెల్లగా దిగేటప్పుడు చిట్టెంలోని కాల్షియం భాస్వరంతో కలిసి గట్టిపడి అక్కడే నిలిచిపోతుంది. ఇనుము ఎక్కువగా ఉండే పదార్థంతో నింపే రకాన్ని కూడా ఆ సంస్థ చూపింది గాని మేము ఒప్పుకోలేదు. గాలి ఆడకుండా నీరు నిలిచిన చోట ఇనుము తన రూపం మార్చుకొని, అంతవరకూ పట్టుకున్న భాస్వరాన్ని తిరిగి నీటిలోకి వదిలేస్తుంది; నీట మునిగిన వరి మడిలో జరిగేదీ ఇదే. పంటకాలంలో మా కాలువ ఎండే రోజులు చాలా తక్కువ.

పైరు ఎదిగి నీరు తేటపడ్డాక పరీక్ష కిట్టుతో చూస్తే, గుంటలోకి వచ్చే నీరు ముదురు నీలంగానూ బయటికి వెళ్లే నీరు బాగా లేత నీలంగానూ మారాయి. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. అయితే కొత్త చిట్టెం నీటి పీహెచ్‌ను బాగా పెంచుతుంది, అంటే నీటిని క్షారంగా మారుస్తుంది. దిగువన రొయ్యల గుంటలకు నీరు తోడుకునేవారు ఉన్నప్పుడు, మొదట దిగే నీటిని కాలువలో కలవనీయకుండా వేరుగా మళ్లించే ఏర్పాటు తప్పకుండా అడగాలి.

అసలు ఇబ్బంది దమ్ముల కాలంలో వచ్చింది. మన జిల్లాలో దమ్ములూ ఈశాన్య రుతుపవనాల వానలూ ఒకేసారి పడతాయి. పైగా భాస్వరం ఎరువు మొత్తాన్ని ఆఖరి దమ్ములోనే వేస్తాం. అందువల్ల ఆ రోజుల్లో మడవ తెగితే పోయే నీటిలో భాస్వరం కరిగి ఉండటమే కాదు, మట్టి రేణువులను అంటిపెట్టుకొని కూడా వెళ్తుంది. ఆ ఒండ్రు చిట్టెం సందుల్లో పేరుకొని నీరు దిగడం మానేసింది. గుంటకు ఎగువన ఒండ్రు పేరుకునే తొట్టి, వరద వస్తే నీరు పక్కనుంచి పోయే దారి సంస్థ వారి నమూనాలోనే ఉండవలసినవి. తరువాత మేమే తవ్వించుకున్నాం. పైపొర చిట్టెం తీసి కడిగించాక గుంట మళ్లీ పనిచేసింది.

సంస్థ వారు భాస్వరం ఎంత శాతం తగ్గుతుందో చెప్పారు గాని, మొత్తం మీద ఎన్ని కిలోలు పట్టాక చిట్టెం మార్చాలో చెప్పలేదు. కొనేవారికి ముఖ్యమైన లెక్క అది. 50 కిలోల డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేట్) ఎరువు బస్తాలో 46 శాతం, అంటే 23 కిలోలు, భాస్వర ఆక్సైడు ఉంటుంది. అసలు భాస్వరంగా లెక్కగడితే అది సుమారు 10 కిలోలు. ఆయకట్టు మొత్తం మీద వేసే బస్తాలను ఈ లెక్కన చూసుకుంటే, గుంట ఎంత పెద్దది కావాలో సంస్థతో గట్టిగా మాట్లాడే వీలుంటుంది.

దమ్ము చేసి ఎరువు వేశాక నీరు తేరుకొనేదాకా మడవలు కట్టి ఉంచడానికి రైతులందరూ ఒప్పుకున్న చోట ఈ గుంట కొనవచ్చునని నా అభిప్రాయం. ఆ ఒప్పందం లేని చోట ముందు గట్లు సరిచేసుకోవడానికి డబ్బు పెట్టడం మేలు. కొనేటప్పుడు చిట్టెం మార్చే ఖర్చు ఎవరిది, వాడేసిన చిట్టెం ఎక్కడ వేస్తారు అన్న రెండూ కాగితం మీద రాయించుకోవాలి.