తీర్థన్ ఒడ్డున ట్రౌట్ కోసం ఆరు రోజులు

హనుమకొండలో పుట్టి పెరిగిన నాకు గాలం అంటే వెదురు కర్ర, బెండు, వానపాము ఎర. చేప అంటే కొర్రమీను, లేదా చెరువు నిండినప్పుడు దొరికే రవ్వ, బొచ్చె. ట్రౌట్ అనే చేప చల్లగా, వేగంగా పారే నీటిలోనే బతుకుతుంది కనుక దాని కోసం హిమాలయాలకో, నీలగిరుల వంటి ఎత్తైన కొండలకో వెళ్లక తప్పదు. గత అక్టోబరు మొదటి వారంలో నర్సంపేటలో ఉండే మా బామ్మర్దిని వెంటబెట్టుకుని హిమాచల్‌ప్రదేశ్‌లోని కులూ జిల్లా తీర్థన్ లోయకు వెళ్లాను. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ చేరి, కాశ్మీరీ గేటు నుంచి రాత్రి బస్సులో వెళ్లి ఔట్ సొరంగానికి ముందే దిగి, అక్కడి నుంచి టాక్సీలో లార్జీ, బంజార్ మీదుగా గుషైనీ చేరుకున్నాము.

బయలుదేరే ముందు నెల రోజులు ఇంటి దగ్గరి మైదానంలో దారం విసరడం సాధన చేశాను. మన గాలంలో ఎర బరువు, సీసం బరువు దారాన్ని లాక్కుపోతాయి. ట్రౌట్‌ను పట్టే ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు బదులు గాలానికి ఈకతో కట్టిన ఉత్తుత్తి ఈగ ఉంటుంది, దానికి బరువే ఉండదు కనుక మందపాటి దారమే తన బరువుతో ముందుకు సాగి ఈగను నీటి మీద దించాలి. వెనక్కి విసిరిన దారం పూర్తిగా చాచుకునే దాకా క్షణం ఆగడం ఇందులో కిటుకు, ఆ క్షణం ఆగలేకనే నాకు మొదటి పది రోజులు చిక్కుముడులే మిగిలాయి. అది చూసి మా బామ్మర్ది, "ఎర లేని గాలానికి చేపెట్ల పడ్తది బావా?" అని నవ్వేవాడు.

నేను తీసుకెళ్లినది నాలుగు ముక్కలుగా విడిపోయే 9 అడుగుల, 5 నంబరు (మధ్యస్థ బరువు దారానికి తగిన) రాడ్, నీటిపై తేలే దారం, దాని చివర ఈగను కట్టడానికి 9 అడుగుల సన్నని లీడర్. ఈ నదికి ఇది సరిగ్గా సరిపోయింది. బామ్మర్ది మాత్రం అక్కడ అద్దెకు దొరుకుతుందన్న మాట నమ్మి ఖాళీ చేతులతో వచ్చాడు. అద్దె రాడ్‌కు పై రింగు విరిగి ఉంది, దారం పాతబడి నీటిలో మునిగిపోతోంది; రోజు అద్దె మాత్రం పూర్తిగా తీసుకున్నారు. రాడ్ కొనలేనివారు కనీసం దారం, లీడర్లు, ఈగలు సొంతంగా తీసుకెళ్లడం మేలు. అడుగున ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) ఉన్న బూట్లు కూడా తప్పనిసరి. రబ్బరు అడుగుల బూట్లతో నాచు పట్టిన గుండ్రాళ్ల మీద అడుగు వేసి మా వాడు నడుము దాకా తడిశాడు.

అయితే పరికరాలన్నిటికన్నా నది స్థితి ముఖ్యమని అక్కడే అర్థమైంది. మే, జూన్ నెలల్లో మంచు కరిగిన నీటితో, జులై, ఆగస్టుల్లో వర్షాలతో తీర్థన్ ఉరకలెత్తుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గుడ్లు పెట్టే కాలం కనుక వేట నిషేధం. అందువల్ల మార్చి, ఏప్రిల్, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు ఆఖరు వరకే అసలు అదను. మేము వెళ్లినప్పుడు నీరు అడుగు రాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉంది. ఉదయం తొమ్మిదింటికి 9 డిగ్రీలు, మధ్యాహ్నానికి 12 డిగ్రీలు చూపింది నా థర్మామీటరు. చేపలు కూడా పదకొండు దాటాకే కదిలాయి. పైకి తేలే ఈగను పట్టించుకోని ట్రౌట్, రాతి వెనుక నెమ్మదించిన నీటిలో లోతుగా జారవిడిచిన, నీటి పురుగు పిల్లలా కట్టిన చిన్న 16 నంబరు నింఫ్‌ను మాత్రం అందుకుంది. మూడో రోజు ఎగువన వాన పడి నీరు టీ రంగుకు మారితే, మా గైడ్ తీర్థన్‌ను వదిలి గుషైనీలో దానితో కలిసే ఫలాచన్ వాగు వెంబడి పైకి తీసుకెళ్లాడు. అక్కడ నీరు తేటగానే ఉంది. నాకు చిక్కిన ఏడింటిలో నాలుగు ఆ వాగులోవే. అతనికి ఇచ్చిన కూలి ఆ ఒక్క పూటలోనే గిట్టింది.

బసల విషయంలో మొదట పొరపడ్డాను. ఫొటోలు చూసి తీసుకున్న కొండవాలు లాడ్జిలో గది విశాలమే, అద్దాల బాల్కనీ అందమే, కానీ నదికి దిగాలంటే అరగంట పట్టేది, అల్పాహారం తొమ్మిదిన్నరకు గాని రాదు. నాలుగో రోజు అక్కడి నుంచి ఒడ్డునే ఉన్న ఒక ఇంటికి మారాము. గది చిన్నది, వేడినీళ్లు బకెట్టుతో అడిగి తెచ్చుకోవాలి. అయితే వాళ్లు ఆరింటికే చాయ్ ఇచ్చి, మధ్యాహ్నానికి రొట్టె, రాజ్మా కట్టి పంపేవారు. చేప వేటకు వెళ్లేవారికి నేను ఈ రెండో బసనే చెబుతాను. పిల్లాపాపలతో వెళ్లేవారికి ఆ లాడ్జియే నయం.

మత్స్యశాఖ లైసెన్సు చేతిలో ఉన్నా, పట్టిన బ్రౌన్ ట్రౌట్‌లన్నిటినీ కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలం నుంచి విడిపించి నీటిలోకే వదిలాము. తినడానికి నాగిని దగ్గరి మత్స్యశాఖ ఫారంలో పెంచిన రెయిన్‌బో ట్రౌట్‌ను కొన్నాము. ఆ ఇంటివారు దానిని ఆవనూనెలో వేయించి పెట్టారు. బామ్మర్దికి అది నచ్చలేదు; వచ్చే ఏప్రిల్ ప్రయాణానికి ఇప్పటి నుంచే చింతపండు పొట్లం కట్టి పెట్టుకున్నాడు.