గంటస్తంభం వెనుక సందులో కొన్న మూడు చక్రాల బండి

విజయనగరం గంటస్తంభం వెనుక సందులో, వడ్రంగి పని చేసే ఒక కుటుంబం నడుపుతున్న చిన్న దుకాణంలో మా అమ్మాయి కోసం మూడు చక్రాల చెక్క బండి కొన్నాము. నడక నేర్చే వయసు పిల్లలున్న ఇళ్ళవారికి ఉపయోగపడుతుందని దాని మంచీ చెడ్డా రాస్తున్నాను.

ముందుగా ఆ దుకాణదారు గురించి చెప్పాలి. పాపకు 8వ నెల నడుస్తుండగా వెళ్ళి బండి అడిగితే ఆయన ధర చెప్పలేదు. "పాప దేన్నయినా పట్టుకుని తనంతట తాను లేచి నిలబడుతోందా అమ్మా?" అని అడిగారు. ఇంకా పాకుతోందన్నాను. "అయితే ఇప్పుడు వద్దమ్మా, బాగా పాకనివ్వండి. మంచం కోడు పట్టుకుని లేచిన నాడు రండి" అని పంపించేశారు. చేతికొచ్చిన బేరం వదులుకుని చెప్పిన ఆ మాట ఎంత సరైనదో నాకు బాగా తెలుసు. పాకేటప్పుడు ఒంటి బరువంతా అరచేతుల మీద, మోకాళ్ళ మీద మోస్తుంది కనుక బిడ్డకు భుజాలు, నడుము గట్టిపడతాయి. దూరంగా ఉన్న గిలక్కాయను కంటితో అంచనా వేసుకుని అక్కడికి చేరడం కూడా అప్పుడే అలవడుతుంది.

మా పెద్దవాడి విషయంలో మేము అలా ఆగలేదు. మరో చోట కొన్న, మధ్యలో గుడ్డ సీటు ఉండే ప్లాస్టిక్ వాకర్‌లో 7వ నెలలోనే కూర్చోబెట్టాము. వాడు మునివేళ్ళతో నేలను తన్నుకుంటూ ఇల్లంతా తిరుగుతుంటే మురిసిపోయాము. ఒక మధ్యాహ్నం పొయ్యి మీది పాలు దించి నేను వెనక్కి తిరిగేలోపే వీధి గడప మీదుగా మెట్ల కిందికి బోల్తా పడ్డాడు. నుదుటి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అటువంటి వాకర్ల అమ్మకాన్ని, దిగుమతిని కెనడా 2004లోనే నిషేధించిందని ఆ తరువాత తెలిసింది. అందులో కూర్చున్న బిడ్డ బరువును సీటు మోస్తుంది కాబట్టి తూగకుండా నిలబడటం ఒంటికి తెలియదు. ముందున్న పళ్ళెం అడ్డు రావడంతో తన పాదాలు తనకే కనిపించవు.

చెక్క బండిలో ఈ రెండు లోపాలూ లేవు. బిడ్డ దాని వెనుక నిలబడి అడ్డకర్రను రెండు చేతులతో పట్టుకుని తోయాలి. అరికాలు పూర్తిగా నేలకు ఆనుతుంది, ఆగాలన్నా సాగాలన్నా తన కాళ్ళే పని చేయాలి. మా పాప 10వ నెలలో మంచం కోడు పట్టుకుని లేచింది, ఆ వారమే 650 రూపాయలకు బండి తెచ్చాము. మొదటి రోజుల్లో అది గోడకు తగలగానే కదలక ఏడ్చేది. రెండు వారాల తరువాత ఒక సాయంత్రం ఏడవకుండా కాసేపు ముందు చక్రాన్నే చూసి, అడ్డకర్రను కిందికి నొక్కింది. చక్రం నేల నుంచి లేచింది. బండిని పక్కకు జరిపి వంటింటి వైపు సాగిపోయింది. ఆ తరువాత ఏ గోడ దగ్గరా మమ్మల్ని పిలవలేదు.

లోపాలు లేకపోలేదు. బండి తేలికగా ఉండటం వల్ల, బిడ్డ అడ్డకర్ర పట్టుకుని కింది నుంచి లేవబోతే వెనక్కి వచ్చి మీద పడుతుంది. మేము అడుగు పలక మీద రెండు కిలోల ఇసుక మూట కట్టాము. నున్నటి టైల్స్ మీద చక్రాలు మరీ వేగంగా దొర్లుతాయి, వాటికి సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టించుకోవాలి. ఒక మేకు తల కొద్దిగా పైకి ఉంటే దుకాణానికి తీసుకువెళ్ళాము, అప్పటికప్పుడే కొట్టి ఇచ్చారు. రంగు వేసినవీ ఉన్నాయి గాని, పళ్ళు వచ్చే వయసులో పిల్లలు అడ్డకర్రను తప్పకుండా కొరుకుతారు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని మన దేశంలో 2017 నుంచి నిబంధన అమలులో ఉన్నా, ఏ డబ్బాలోని రంగు వేశారో కొనేవారికి తెలియదు. సీసమేమో ఎదిగే మెదడుకు హాని చేస్తుంది. రంగు లేనిదే అడిగి తీసుకోండి.

బండి కొన్నంత మాత్రాన నడక ముందుగా వస్తుందని ఆశించవద్దు. మన దేశంతో కలిపి ఐదు దేశాల పిల్లలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్క ప్రకారం, పట్టు లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. 18 నెలలు నిండినా నడవకపోతే మాత్రం పిల్లల వైద్యుని చూపించాలి. మా పాప 14వ నెలలో అడ్డకర్ర వదిలి నాలుగు అడుగులు వేసింది, మా అత్తగారు ఆ రోజే అరిసెలకు బియ్యం నానబోశారు.

బండ్లు రెండు ఎత్తుల్లో ఉన్నాయి. బిడ్డను వెంట తీసుకువెళ్తే, అడ్డకర్ర రొమ్ము ఎత్తుకు వచ్చేలా చూసి ఆయనే ఎంచి ఇస్తారు.