అనంతపురంలో చైనా తత్వశాస్త్రం క్లాసులు: షున్‌జి కోసమన్నా పోండి

కమలానగర్ వైపు ఒక మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు ఒక రిటైర్డ్ లెక్చరర్ సార్ క్లాసులు చెప్తాండారు, మనిషి పుట్టుకతో మంచోడా చెడ్డోడా అని చైనా వాళ్ళు వాదించుకున్నారు కదా, కోర్సంతా అదే. గ్రూప్స్ కోచింగ్ కాదు, సర్టిఫికెట్ ఇయ్యరు. ఫీజు నామమాత్రమే.

కన్ఫ్యూషియస్‌ను తొందరగానే ముగించినారు. పుట్టుకతో మనుషులంతా దగ్గరదగ్గరే, అలవాట్లే దూరం చేస్తాయి అని ఆయన ఒక్క మాట అని ఊరుకున్నాడు, గొడవంతా తర్వాతోళ్ళది.

మనిషి పుట్టుకతో మంచోడే అన్న క్రీ.పూ. 4వ శతాబ్దపు మెన్షియస్ దగ్గర మాత్రం సార్ బాగా నిలబడినారు. బావిలో పడబోయే పసిబిడ్డను చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, ఆ బిడ్డ తల్లిదండ్రుల మెప్పు కోసమో ఊర్లో పేరు కోసమో కాదు అంటాడాయన. అందరూ పరిగెత్తి కాపాడతారని అనలేదు చూడండి, గుండె ఝల్లుమంటుంది అన్నాడు, అది మొలక, పెంచితేనే దయ అవుతుంది. ఎద్దుకొండ కథ ఇంకా బాగుంది. పెద్ద ఊరి పక్కన కొండ, గొడ్డళ్ళతో చెట్లు నరికినారు, మళ్ళీ చిగురు వస్తే ఎద్దులూ గొర్రెలూ మేసినాయి, ఇప్పుడు బోడికొండను చూసి జనం ఇక్కడ ఎప్పుడూ చెట్లే లేవనుకుంటారు, చెడిపోయిన మనిషిలోని మంచి సంగతీ అంతే అంటాడు. మన జిల్లా గుట్టలు చూసినోళ్ళకి దీన్ని విడమరిచి చెప్పే పనిలేదు. గొర్రెలున్న ఇంటి పిల్లోడు ఒకడు లేచి, గొర్రెల తప్పేముంది సార్, ముందు నరికినోళ్ళను అడగండి అన్నాడు, దాని మీదే శానాసేపు చర్చ నడిచింది, సార్ ఆపలేదు. ఈ క్లాసులో నాకు నచ్చింది అదే.

ఇంక మెన్షియస్ తర్వాత వచ్చి ఆయన మాటను కాదన్న షున్‌జి. మనిషి స్వభావం చెడ్డది అన్నాడు కాబట్టి ఈయనకు మనుషులంటే గిట్టదు అని శానామంది తేల్చేస్తారు, అది అన్యాయం. వంకర కట్టెను ఆవిరి పట్టి సాపు చేయాల, మొద్దు ఇనుమును సానబట్టాల, మంచితనం కష్టపడి సంపాదించుకునేది అంటాడు, పైగా వీధిలో పోయే ఏ మనిషైనా పాతకాలపు ఆదర్శ రాజు యూ చక్రవర్తంత గొప్పోడు కావచ్చు అని కూడా ఆయనే అంటాడు. మరి అందరూ చెడ్డోళ్ళే అయితే మొదటి నీతినియమాలు పెట్టిందెవరు? ఈ ప్రశ్న షున్‌జి తనే వేసుకుని, కుండ కుమ్మరి పనితనం నుంచి వస్తుంది గానీ వాని పుట్టుక నుంచి కాదు కదా అని జవాబు చెప్పినాడు. నాకైతే ఆ జవాబు పూర్తిగా సరిపోలేదు, ఆ మొదటి కుమ్మరికి చేయాలన్న బుద్ధి ఎట్ల పుట్టింది అని ఇప్పటికీ ఆలోచిస్తానే ఉన్నా. కానీ కష్టపడి మారినోడికి దక్కాల్సిన గౌరవం మెన్షియస్ కంటే షున్‌జి దగ్గరే ఎక్కువ దక్కుతుంది అనిపిస్తుంది.

అయినా గెలిచింది మెన్షియస్. 12వ శతాబ్దంలో జు షీ అనే పండితుడు ఆయన గ్రంథాన్ని కన్ఫ్యూషియస్ బాటలోని నాలుగు ముఖ్య పుస్తకాల్లో చేర్చినాడు, 1313లో అవే చైనా సర్కారు ఉద్యోగాల పరీక్షలకు సిలబస్ అయినాయి, 1905లో ఆ పరీక్షలు రద్దయ్యేదాకా. షున్‌జి పక్కకు పోయినాడు.

లోపాలంటే, జిరాక్స్ నోట్స్ మొత్తం ఇంగ్లీషులో ఉంది, తెలుగు మీడియం పిల్లోళ్ళు ఇబ్బంది పడినారు. రాజ్యం నడవాలంటే గట్టి చట్టాలు, శిక్షలే కావాల అన్న షున్‌జి శిష్యుడు హాన్ ఫైని చివర్లో పది నిమిషాల్లో పరుగెత్తించినారు. తర్వాతి బ్యాచ్‌లో ఆయనకి ఇంకో ఆదివారం కలపండి సార్, నోట్స్ తెలుగులో ఇవ్వండి, టైపింగ్‌కి నేను వస్తా. రేటింగ్ 4/5.